రెండో సెట్టు కారు

ఊడిపోయిన పళ్ళ స్థానంలో కొత్తవి కట్టివ్వడం ఆయన పని. అందుకని వీధి వీధంతా ఆయన్ని పళ్ళాయన అంటారు. కొత్తగా కాపురానికొచ్చినవాళ్ళు ఆ పేరు విని, సంచీ పట్టుకుని దుకాణానికి వెళ్ళి, ఒక డజను ఇమ్మని అడిగి, గాజు బీరువాలోంచి తమకేసి నవ్వుతున్న సెట్లను చూసి వెనక్కి తిరక్కుండా వచ్చేసిన సందర్భాలున్నాయి.

పళ్ళాయన చేతిలో మంచి పనితనం ఉంది. దేన్ని చూసినా అచ్చం అలాంటిదే ఇంకొకటి చేసేయగలడు. చిక్కేమిటంటే, దేన్ని చూసినా అచ్చం అలాంటిదే ఇంకొకటి ఉండాలనిపిస్తుంది. పళ్ళు కట్టించుకోవడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ ఒకటే మాట చెప్తాడు.

"రెండో సెట్టు కూడా చేయించుకోండి. ఒకటి నోట్లో, ఒకటి గిన్నెలో. ధైర్యం అంటే అదీ!"

ఆయనకో కారు ఉంది. ఆకుపచ్చది. వెనకభాగం బాతులా ఉంటుంది. చేసిన కంపెనీవాళ్ళే దాన్ని మర్చిపోయి చాలా ఏళ్ళయింది. దాన్ని ఆయన తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు. భార్యకు పెళ్ళికి ముందే లైసెన్సు వచ్చింది. అది బీరువాలో పట్టుచీరల మడతలో పడుంది. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన ఆవిడ్ని స్టీరింగు ముందు కూర్చోనివ్వలేదు. ఆవిడ ఆ సీటు వైపు చూసినా, పళ్ళ కోసం తీసిన తడి అచ్చు మీద ఎవరో వేలు పెట్టినట్టు గిలగిల్లాడిపోయేవాడు.

"ఇది ఆగిపోతే నా గతేంటే?" అన్నాడు ఒకరోజు పొద్దున్నే.

"ఆగిపోవడం రోజూ ఉన్నదేగా. ఎప్పుడైనా కదిలితే చెప్పండి, చూడ్డానికొస్తాను."

"అచ్చం ఇలాంటిదే ఇంకొకటి దొరికితే బావుణ్ణు."

"దీన్ని తొయ్యడానికే నలుగురు కావాలి. రెండోదానికి ఇంకో నలుగుర్ని ఎక్కణ్ణుంచి తెస్తారు? ఈ వీధిలో మగాళ్ళందరికీ ఇప్పటికే నడుం నొప్పులు."

"నీకేం తెలుసు దాని విలువ!"

"తెలీకేం. సరే, కొనుక్కోండి. కానీ రెండో కారు గుమ్మంలోకి వచ్చిన్నాడు అందులో ఒకటి నాది. స్టీరింగు నా చేతికివ్వాలి. మాటివ్వండి."

పళ్ళాయన మాటిచ్చేశాడు. ఆవిడ ఊరుకోకుండా అక్కకు ఫోను చేసి, ఆ మాట ఆవిడ చెవిలో కూడా వేయించింది.

మూడు వారాలు తిరక్కుండా అలాంటి కారే దొరికింది. అదే ఆకుపచ్చ, అదే బాతు. నంబరు కూడా చివరి అంకె తప్ప అంతా ఒకటే. దీనికి మూడు, దానికి ఎనిమిది. ఇది దేవుడు పంపిన రెండో సెట్టే అనుకున్నాడు పళ్ళాయన. కొనేశాడు.

కొన్నాక భార్యకిచ్చిన మాట గుర్తొచ్చి, రోడ్డు పక్కన కారాపుకుని అరగంట ఆలోచించాడు. గుమ్మంలోకి వస్తేనే కదా మాట! రెండూ కలిసి గుమ్మంలోకి రాకపోతే సరి. రోజుకొకటి వస్తే, చూసేవాళ్ళకు ఉన్నది ఒక్కటే.

ఎనిమిదిని మూడు చెయ్యడం ఆయనకు లెక్కలోది కాదు. పళ్ళకు రంగు దిద్దే కుంచె తీసుకుని, ఎనిమిదికి ఎడంపక్కనున్న రెండు వంపుల మీదా తెలుపు అద్దాడు. అదీ ఏదో ఒక తెలుపు కాదు. నంబరు పలక పాతబడి, అరవై దాటిన పెద్దమనిషి పన్ను రంగుకు వచ్చింది. సరిగ్గా ఆ రంగే కలిపాడు.

దాచడానికి చోటు తోడల్లుడు, అంటే ఆ అక్కగారి భర్తే, ఇచ్చాడు. ఆయన పెళ్ళిళ్ళకు కుర్చీలు అద్దెకిస్తాడు. పళ్ళాయన దుకాణానికి వెళ్ళే దారిలోనే ఆయన గోడౌను.

"మీ మరదలికి తెలియకూడదు సుమా," అన్నాడు పళ్ళాయన.

"ఒట్టు. నా నోటంట మాట రాదు," అన్నాడు తోడల్లుడు. ఆయన ఒట్టుకు కట్టుబడే మనిషి.

ఏర్పాటు నున్నగా సాగింది. పొద్దున్నే ఇంటి దగ్గరున్న కారులో బయల్దేరి, గోడౌనులో దాన్ని పెట్టి, అక్కడున్నది తీసుకుని దుకాణానికి వెళ్ళేవాడు. సాయంత్రం అందులోనే ఇంటికి. మర్నాడు మళ్ళీ మార్పు. రెండింట్లోనూ ఒకేలాంటి తువ్వాలు, ఒకేలాంటి దువ్వెన. ఒకదాంట్లో దువ్వెన పన్ను విరిగితే రెండోదాంట్లోనూ విరిచేశాడు.

రెండో వారంలో మొదలైంది అసలు కథ.

ఆ పొద్దున గోడౌనులోకి వెళ్ళేసరికి, అక్కడున్న కారు ఎడమ తలుపుకు చేటంత సొట్ట ఉంది. పళ్ళాయన కుర్చీల గుట్ట మీదకు చూశాడు. పైనుంచి ఒక కుర్చీ పడి ఉంటుందనుకున్నాడు.

సొట్ట పడితే పడింది. గోడకు రాసుకుందని భార్యకు చెప్పొచ్చు. కానీ రేపు సాయంత్రం రెండోది సొట్ట లేకుండా ఇంటికి వెళ్తే? ఒక్కరోజులో మాయమయ్యే సొట్ట ఎక్కడైనా ఉంటుందా? బాగు చేయించాలంటే మెకానిక్కు పది రోజులంటాడు. సొట్ట పెట్టడానికి ఒక్క నిమిషం చాలు.

పళ్ళాయన దుకాణానికి పరిగెత్తి, నోటి అచ్చు తీసే గులాబీరంగు ముద్ద బకెట్టుడు కలుపుకొచ్చాడు. సొట్టలో నింపి, గట్టిపడ్డాక ఊడదీసి, దాంతో ప్లాస్టరు దిమ్మ పోశాడు. ఆ దిమ్మను రెండో కారు తలుపుకు ఆనించి, పాతగుడ్డ అడ్డం పెట్టి సుత్తితో ఒక్కటిచ్చాడు. లోతు, వంపు, అంచున గోరంత గీత, అన్నీ దిగాయి. రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని, తన పనికి తనే మురిసిపోయాడు.

సాయంత్రం భార్య తలుపు తడిమి చూసింది.

"ఇదేంటండీ?"

"స్తంభం."

"దానంతటదే వచ్చి గుద్దిందా?"

"కాస్త ముందుకొచ్చిందే."

"పాపం," అంది ఆవిడ, ఎవర్నో చెప్పకుండా.

రెండు రోజుల తర్వాత వెనక బంపరు ఒకవైపు వేలాడుతూ కనిపించింది. పళ్ళాయన రెండోదాన్ని కూడా వేలాడేలా చేశాడు. ఆ తర్వాత కుడి దీపం పగిలింది. మంచి దీపాన్ని తన చేత్తో పగలగొట్టేటప్పుడు ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అద్దం విరిగింది, రెండోదీ విరిచాడు. తోడల్లుడి మీద కోపం వచ్చి, కుర్చీలన్నింటినీ గోడౌను ఆ చివరికి మోసి పేర్చాడు. అయినా సొట్టలు ఆగలేదు. కుర్చీలు నడిచొస్తున్నాయేమో అని కూడా అనుమానించాడు.

దుకాణంలో పని మూలపడింది. వీధి చివరి లాయరుగారు పళ్ళు లేకుండా మూడు వాయిదాలకు వెళ్ళొచ్చి, నాలుగోసారి దుకాణానికి వచ్చారు. బల్ల మీద తలుపు సొట్ట దిమ్మ ఆరుతోంది. లాయరుగారు దాని చుట్టూ ఒకసారి తిరిగారు.

"ఇది ఎవరి నోరండీ?"

"మా తోడల్లుడిది," అన్నాడు పళ్ళాయన, నోటికి వచ్చింది.

లాయరుగారు ఆ రోజు నుంచీ ఆ తోడల్లుడికి ఎదురు పడకుండా తిరుగుతున్నారు.

ఇంకో వింత కూడా మొదలైంది. గోడౌనులోని కారు ఎక్కేసరికి మోకాళ్ళు స్టీరింగుకు కొట్టుకునేవి. ఏ రోజు చూసినా అంతే. పళ్ళాయన కంగారుపడి ఇంట్లో గుమ్మానికి ఆనుకుని నిలబడి పెన్సిల్‌తో గీత గీసుకున్నాడు.

"ఏం చేస్తున్నారు?" అంది భార్య.

"నేను పెరుగుతున్నానే."

"ఎటు?"

"పొడుగు. కాళ్ళు కారులో పట్టడం లేదు."

"ఈ వయసులో పొడుగెక్కడండీ. ఏదన్నా పెరిగితే అడ్డమే," అని ఆ పూట నుంచి ఆయన కంచంలో సగమే వడ్డించింది. పళ్ళాయన ఆకలితో చిక్కిపోయాడు, మోకాళ్ళు మాత్రం కొట్టుకుంటూనే ఉన్నాయి.

ఒకరోజు, కదలలేని ఒక పెద్దావిడకు పళ్ళు అమర్చడానికి ఇంటికి రమ్మంటే, పళ్ళాయన ఎన్నడూ లేనిది పదకొండింటికి రోడ్డెక్కాడు. బజారు కూడలిలో ఎర్రదీపం పడింది. ఆగాడు. పక్కనే ఇంకో కారు వచ్చి ఆగింది.

ఆకుపచ్చది. బాతు. ఎడమ తలుపుకు చేటంత సొట్ట.

పళ్ళాయన మొదట ఎవరో తన కారుకు అద్దం పట్టారనుకున్నాడు. కానీ అందులో ముందు సీట్లో వదినగారు, వెనక సీట్లో తమ వీధి పాలకేంద్రం ఆవిడ, కుట్టుమిషను ఆవిడ ఉన్నారు. స్టీరింగు పట్టుకుని, సీటు బాగా ముందుకు జరుపుకుని, వీపు నిటారుగా కూర్చుని ఉంది ఆయన భార్య.

ఇద్దరి చూపులూ కలిశాయి. ఆవిడ మర్యాదగా తల ఊపింది, బస్సులో తెలిసినవాళ్ళు కనబడ్డట్టు.

పచ్చదీపం వెలిగింది. ఎవరూ కదల్లేదు. వెనకాల హారన్లు మోగిపోతున్నాయి. ట్రాఫిక్ కానిస్టేబులు విసవిసా వచ్చి, ఈ నంబరు చూశాడు, ఆ నంబరు చూశాడు, కళ్ళు నులుముకున్నాడు. వేలాడుతున్న రెండు బంపర్లూ చూశాడు. ఈల వేద్దామని నోట్లో పెట్టుకుని, మళ్ళీ తీసేశాడు.

"దిగండి. రెండు కార్లూ ఒకటే. ఇందులో ఒకటి దొంగది. ఏది?"

పళ్ళాయన బుర్ర గిర్రున తిరిగింది. రెండూ నావే అంటే ఇరవై రెండేళ్ళుగా కాపాడుకున్న స్టీరింగు పోతుంది. అది నాది కాదంటే?

"నాకు ఆవిడెవరో తెలీదండీ," అన్నాడు.

వదినగారు "హవ్వ!" అంది.

"నాకూ ఈయనెవరో తెలీదండీ," అంది భార్య. "చూస్తే ఎవరో పాపం, ఇంట్లో సరిగ్గా తిండి పెట్టనట్టున్నారు."

కానిస్టేబులు వేలు తడుపుకుని పళ్ళాయన కారు నంబరు రుద్దాడు. ఏమీ కాలేదు. రెండోదాన్ని రుద్దాడు. మూడు మెల్లగా ఎనిమిదయింది.

"ఇదీ దొంగది!" అన్నాడు.

"ఆ కారు నాదేనండీ," అంటూ ఆవిడ సంచీలోంచి కారు రిజిస్ట్రేషన్ కార్డు తీసి ఇచ్చింది. "ఎనిమిదే దాని నంబరు. నా పేరు, మా ఇంటి చిరునామా. పోస్టులో మా ఇంటికే వచ్చింది."

పళ్ళాయన మెడ సాచి కార్డు చూశాడు. ఎప్పుడైనా పట్టుబడితే "నీకోసమే కొన్నానే" అనడానికి ఉంటుందని కాగితాల్లో ఆవిడ పేరే రాయించాడు. పేరు ఎవరిదైతే కార్డు వాళ్ళకే వస్తుందన్న సంగతి తట్టలేదు. అంటే ఆ కార్డు వచ్చిన రోజు నుంచీ ఆవిడకు తెలుసు.

"మరి గోడౌను తాళం?" అన్నాడు, ఆవిడెవరో తెలియదన్న సంగతి మరిచిపోయి.

"బావగారు ఇచ్చారు. నోటంట మాట రానివ్వలేదు, చేత్తో ఇచ్చారు."

"మరి కారు తాళం?"

"ఇంట్లో ఉన్న మన పాత తాళం అరిగి అరిగి ఏ తలుపైనా తీస్తోంది, ఏ బండైనా కదిలిస్తోంది. రోజూ పదకొండు నుంచి ఒంటిగంట దాకా వీళ్ళకు నేర్పుతున్నా. కొత్తవాళ్ళు కదా, అక్కడక్కడ తగిలిస్తారు. మర్నాడు చూస్తే మీరు రెండోదానికి కూడా పెడుతున్నారు. ఎంత శ్రద్ధగా పెడుతున్నారో చూసి, చెప్పడానికి మనసొప్పలేదు."

కానిస్టేబులుకు ఈ సంసారం సంగతి పట్టలేదు. "అదంతా ఇంటికెళ్ళి చూసుకోండి. ఈ నంబరు మార్చిందెవరు?" అని గర్జించాడు.

భార్య చెప్పలేదు. వదినగారు చెప్పలేదు. పళ్ళాయన కూడా నోరు మూసుకుని ఉంటే ఏమయ్యేదో. కానీ కానిస్టేబులు నంబరు పలక మీదకు వంగి, "ఎవడో గానీ సున్నం పూసినట్టు పూశాడు," అన్నాడు.

"సున్నమా!" అన్నాడు పళ్ళాయన. "సరిగ్గా చూడండి సార్. అంచు దగ్గర ఎక్కడైనా తేడా తెలుస్తోందా? ఆ రంగు కుదరడానికి ఏడుసార్లు కలిపాను!"

వెనక హారన్లు కూడా ఆగాయి.

"ఓహో," అన్నాడు కానిస్టేబులు. పళ్ళాయన మొహంలోకి తేరిపార చూసి, నోట్లోంచి పైసెట్టు తీసి చేత్తో పట్టుకున్నాడు. "మీరు కట్టినవే ఇవి. రెండు నెలల నుంచీ వదులు. ఈల వేస్తే ఈలతో పాటు రోడ్డు మీద పడుతున్నాయి. సరిచెయ్యమని ఆరుసార్లు వచ్చాను. దుకాణం మూసుంది."

ఆ తర్వాత ఆయనకు జాలి పుట్టే అవకాశం లేదు. పళ్ళాయన లైసెన్సు అక్కడికక్కడే తీసేసుకున్నాడు. మళ్ళీ మొదట్నుంచీ నేర్చుకుని, నేర్పినవాళ్ళ సంతకం తెచ్చుకుంటేనే తిరిగి ఇస్తానన్నాడు. పళ్ళు బిగించాక మాత్రమే ఆ సంతకం చూస్తానని కూడా అన్నాడు.

"దగ్గర్లో నేర్పేవాళ్ళు ఎవరున్నారు సార్?" అన్నాడు పళ్ళాయన నీరసంగా.

కానిస్టేబులు ఎడమ తలుపుకు సొట్ట ఉన్న కారు వైపు చూపించబోయి, రెండింటికీ ఉండడంతో, చెయ్యి దించేసి ఆవిడ వైపు చూపించాడు.

మర్నాడు పదకొండింటికి పళ్ళాయన వెనక సీట్లో, పాలకేంద్రం ఆవిడకీ కుట్టుమిషను ఆవిడకీ మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. మోకాళ్ళు గడ్డానికి ఆనుతున్నాయి. కారు ఎవరూ తొయ్యకుండానే కదిలింది. గేరు మారినట్టు కూడా తెలియలేదు. తన చేతిలో ఉన్నన్నాళ్ళూ దగ్గుతూ, మూలుగుతూ నడిచిన బాతు, ఆవిడ చేతిలో చెప్పిన మాట వింటోంది. ఆ ముక్క పైకి అనడానికి మాత్రం ఆయనకు నోరు రాలేదు.

"నా వంతు ఎప్పుడండీ?" అన్నాడు కాసేపటికి. ఇరవై రెండేళ్ళలో భార్యను "అండీ" అనడం అదే మొదటిసారి.

"వరసలో రండి," అంది కుట్టుమిషను ఆవిడ.

మలుపు దగ్గర ఇంకో ఆవిడ చెయ్యెత్తింది. నేర్చుకుందామని కొత్తగా వచ్చింది. ముందు సీట్లో ఎక్కి, వెనక్కి తిరిగి, ఆడవాళ్ళ మధ్య నలుగుతున్న పెద్దమనిషిని చూసి ఆశ్చర్యపోయింది.

"ఆయనెవరండీ?"

"మనలాగే నేర్చుకోవడానికి చేరారు," అంది పళ్ళాయన భార్య, అద్దంలో వెనక వచ్చే బండ్లను చూసుకుంటూ. "ఆయన విషయంలోనే కొంచెం ఎక్కువ రోజులు పట్టేట్టుంది. ఇదివరకు ఏదో కాస్త నడిపారట. ముందు ఆ అలవాటు మాన్పించాలి."