పెళ్లాం కింద కాని ఉద్యోగం

అమెరికా సైన్యంలో సార్జెంటుగా రిటైరైన వెర్నన్ టిబ్బెట్స్‌కు ఆ ఉదయం ఒకటే పని, పదింటికి ఇంటర్వ్యూకి వెళ్లడం. అందుకోసం చీకటితోనే లేచి, గడ్డం గీసుకుని, టై కట్టి, విప్పి, మళ్లీ కట్టాడు. అయినా తెల్లారలేదు. ఊరికే కూర్చోవడం చేతకాక వంటింట్లోకి వెళ్లి మసాలా డబ్బాలను ఎత్తు ప్రకారం నిలబెట్టాడు. భార్య లొరెట్టాకు లావోస్ రాజధాని వియంటియాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయానికి బదిలీ అయి, ఆమె వెంట వచ్చిన నాటి నుంచీ ఆయనకు పొద్దున్నే బూట్లు తొడుక్కుని వెళ్లే చోటు లేదు. ఆ బాధ డబ్బాల మీద పడింది.

"సార్‌కి ఈ ఉద్యోగం రాకపోతే నేను మానేస్తానమ్మా," అంది వంటమనిషి బువాఫాన్, లొరెట్టాకు కాఫీ అందిస్తూ. "నిన్న నా చీపురుకి కూడా చోటు చూపించి, అక్కడే ఉండాలన్నారు."

"వస్తుందిలే. మా ఆఫీసువాళ్ల కుటుంబాల్లో మాజీ సైనికులకే మొదటి అవకాశం. రూల్ అది," అంది లొరెట్టా. మొగుడి వైపు తిరిగింది. "పెళ్లాం కింద మొగుడు పనిచెయ్యకూడదన్నదీ రూలే. పరిపాలన విభాగం నాది, ఆఫీసులో చాలావరకు నా కిందే ఉంది. నీకు మిగిలింది వీసా విభాగంలో గేటు దగ్గర జనాన్ని చూసుకునే ఈ ఉద్యోగం ఒక్కటే. నోరు అదుపులో పెట్టుకో."

"నేనేం మాట్లాడతాను? పిలిచేదాకా బయట నిలబడతాను," అన్నాడు వెర్నన్.

సైన్యంలో వేళకు రావడమంటే ఆలస్యంగా వచ్చినట్టే. గేటు తెరవకముందే వెర్నన్ అక్కడ ఉన్నాడు. వీసాకు వచ్చినవాళ్లు గుంపులు గుంపులుగా నిలబడి ఉన్నారు. అది చూసి ఆయనకు ఒంటి మీద జెర్రులు పాకినట్టయింది. చాలాసేపు ఓర్చుకున్నాడు గానీ, ఒక ముసలామె సంచీ కింద పడేసరికి ఇక ఆగలేకపోయాడు. "అమ్మా, మీరు ముందుకు రండి. బాబూ, నువ్వు ఆవిడ వెనక," అన్నాడు తనకొచ్చిన లావో భాషలో. టై, గొంతు మిగతా పని చేశాయి. వరస ఏర్పడింది.

"సార్, నా కాగితాలు కాస్త చూస్తారా?" అన్నాడొక కుర్రాడు.

"నేను ఆఫీసర్ని కాదు." ఆ మాట అన్న తీరుకి ఎవరూ నమ్మలేదు.

"పోనీ ఫొటో చూడండి."

వెర్నన్ చూశాడు. "చెవి కనబడటం లేదే."

కుర్రాడు వీధి చివరి ఫొటో స్టూడియోకి పరుగెత్తాడు. వాడి ఫొటో కాదన్నారని వెనకవాళ్లు అనుకున్నారు. ఆ మాట వరస చివరికి వెళ్లేసరికి అసలు పాత ఫొటోలేవీ చెల్లవని తేలింది. అందరూ పరుగు లంకించుకున్నారు. రాయబార కార్యాలయం గేటు నుంచి జనం అలా పారిపోతుంటే కాపలాదారు సోమ్‌చిత్ ఏమనుకుంటాడు? సైరన్ మోగించాడు. లోపల అందరూ బల్లల కింద దూరారు, వెర్నన్‌ను ఇంటర్వ్యూ చేయవలసినవాళ్లతో సహా.

సైరన్ వినగానే వెర్నన్‌కు ప్రాణం లేచొచ్చింది. "అందరూ ఇటు రండి. గోడవారగా వరసల్లో కూర్చోండి." అందరూ వచ్చి కూర్చున్నారు. కెమెరా మెడలో వేసుకుని ఫొటో స్టూడియో ఆయన కూడా కూర్చున్నాడు.

ప్రమాదమేమీ లేదని తేలాక వెర్నన్ ఇంటర్వ్యూ గదిలోకి కాళ్లీడ్చుకుంటూ వెళ్లాడు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాడు. ఏడుపొచ్చినంత పనైంది. "తప్పు నాదేనండీ. చెవి కనబడలేదన్నాను," అని జరిగిందంతా చెప్పాడు.

వీసా విభాగం అధికారి మిస్ హాల్వర్సన్ మోకాళ్ల దుమ్ము దులుపుకుంది. "రాయబారిగారు కిటికీలోంచి చూశారు. ఆ వరస తిన్నగా ఉండటం ఇదే మొదటిసారట. ఉద్యోగం మీదే."

వెర్నన్ ఆనందంతో ఆమె చేయి పట్టుకుని ఊపుతుండగానే ఫోన్ మోగింది. ఆమె విని పెట్టేసింది.

"మీ పని రాయబారిగారికి మరీ నచ్చేసింది. ఇలాంటి మనిషి అన్ని గేట్లకూ కావాలట. అందుకని ఈ ఉద్యోగాన్ని పరిపాలన విభాగం కిందికి మార్చేశారు."

"అంటే ఎవరి కింద?" అన్నాడు వెర్నన్, తెలిసి కూడా.

"లొరెట్టా కింద."

కుటుంబాల వాళ్లలో అర్హులెవరూ మిగల్లేదు గనుక ఆ ఉద్యోగాన్ని స్థానికులకు ఇచ్చారు. అన్న మాట ప్రకారం వంటపని మానేసిన బువాఫాన్, వెర్నన్ సార్ దగ్గర రెండేళ్ల అనుభవం ఉందని చెప్పి దాన్ని సంపాదించుకుంది. ఇప్పుడు వంట వెర్నన్ చేస్తున్నాడు.

గేటు దగ్గర జనం ఎత్తు ప్రకారం నిలబడుతున్నారు.