భూపాల్‌రెడ్డి గారి బయోడేటా, అమర్‌సింగ్ దరఖాస్తు

"శిక్షణ లేని యువకుడు ఈ తాలూకాలో కనిపించరాదు!" అని భూపాల్‌రెడ్డి గారు మానుకోట బస్టాండు ముందు ప్రకటించిన రోజే, యువజన సాంకేతిక శిక్షణ మండలి చైర్మన్ పదవి కోసం ఆయన బయోడేటా టైపు చేసే భాగ్యం నాకు దక్కింది. అది 1981. మా టైపు ఇన్‌స్టిట్యూట్‌లో అన్ని అక్షరాలూ పడే మిషన్ ఒక్కటే, దాని ముందు కూర్చునేది నేనే.

"సంజీవా, సదువు కాడ పి.యు.సి. అని కొట్టు. పక్కన బ్రాకెట్ల 'ఉద్యమం' అని పెట్టు" అన్నారు.

అరవై తొమ్మిదిలో ఉద్యమం వల్ల పరీక్షలు ఆగిపోయిన మాట నిజమే. అంతకుముందు రెండుసార్లు జరిగాయి, రెండుసార్లూ ఆయన తప్పారు. అది కొట్టమని చెప్పలేదు కాబట్టి నేను కొట్టలేదు.

"ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ గూడ రాయి."

"ఎన్నడు నేర్చిండ్రు పటేలా?"

"ఆ క్యాంపు ఓపెన్ చేసింది నేనే గద!"

అదే లెక్కన కుట్టుమిషన్, కోళ్ల పెంపకం, ట్రాక్టర్ రిపేరు వగైరా ఆయన రిబ్బన్ కత్తిరించిన విద్యలన్నీ వరసగా ఎక్కాయి.

అంతలో గూడూరు దగ్గరి తండా నుంచి అమర్‌సింగ్ వచ్చాడు. ఐటిఐ ఫిట్టర్ ఫస్ట్ క్లాసులో పాసైనవాడు. బయ్యారం వైపు ఓ సర్కారు వర్క్‌షాపులో ఫిట్టర్ ఉద్యోగం పడింది. దరఖాస్తుకు అదే ఆఖరి రోజు, అతని వయసుకు అదే ఆఖరి ఏడు.

"గిది పోతే బొంబాయికి కూలికి పోవుడే పటేలా" అన్నాడు.

భూపాల్‌రెడ్డి గారు అతని సర్టిఫికెట్లు చూసి దిగులుపడ్డారు.

"గివన్ని పెడితే ఆఫీసర్ పరేషానైతడు. ఆయన ఉత్త మెట్రిక్కు. ఐటిఐ తీసెయ్. వెల్డింగు తీసెయ్. నా లెటర్ పెట్టు, సాలు."

"ఫిట్టర్ నౌకరికి ఫిట్టర్ కాగితం లేకుంటె ఎట్ల?"

"నా సంతకం కన్న పెద్ద కాగితమా అది?"

అమర్‌సింగ్ నా వైపు చూశాడు. నాకు సిగ్గేసింది. అయినా చెప్పినట్టే కొట్టి ఇచ్చాను.

నెల తిరక్కుండా ఆయనకు పదవి వచ్చింది. అమర్‌సింగ్‌కు 'అర్హత లేదు' అని కార్డు వచ్చింది.

కార్డు చూసి చైర్మన్ గారు కదిలిపోయారు. ఐటిఐలో జరిగిన తొలి సభలోనే అతన్ని వేదిక ఎక్కించి, "ట్రైనింగు లేక ఒక గిరిజన బిడ్డ ఆగమైండు! నా కోటాల మొదటి సీటు ఇతనికే. ఫిట్టర్ కోర్సు, రెండేండ్లు!" అని దండ వేశారు. జనం చప్పట్లు కొట్టారు.

ఇన్‌స్ట్రక్టర్ రాజయ్య మెల్లగా ఆయన చెవి దగ్గరికి వంగాడు. "సార్, ఈ పిలగాడు నా దగ్గర్నే ఫిట్టర్ పాసైండు. ఫస్ట్ క్లాసు."

చైర్మన్ గారు ఒక్క క్షణం ఆలోచించి, అమర్‌సింగ్ భుజం తట్టారు.

"మంచిదాయె. ఇగ ఫెయిలైతడన్న రంది లేదు."