కాంతి యంత్రానికి బొట్టు

సర్కారు నుంచి తొమ్మిది నిమిషాల్లో జవాబు రావడం ప్రకృతి విరుద్ధమని మన పెద్దలు ఏనాడో తేల్చారు. ఆ సిద్ధాంతాన్ని తలకిందులు చేయడానికే కోడేరు దాటాక, పేరు చెప్పకపోవడమే మంచిదైన ఒక ఊళ్లో త్వరిత కాంతి జలపరీక్షా కేంద్రం వెలిసింది.

అందులో ఉన్నది ఒకే యంత్రం. వెంట్రుక మందంలో వెయ్యో వంతు ఉండే బంగారు రేణువులను నీళ్లలో కలిపి, మీద వెలుగు వేస్తారు. చెడ్డ క్రిములుంటే రేణువులకు అతుక్కుంటాయి, తిరిగొచ్చే వెలుగు రంగు మారుతుంది. ముందున్న గుండ్రటి అద్దంలోంచి యంత్రం ఆ రంగు చూసి సంగతి చెప్పేస్తుంది. (పాత పద్ధతిలో మూడు రోజులు పట్టేది. ఈలోగా రోగి కోలుకునో, కోలుకోకనో తన ఫైలు తానే మూసేవాడు.)

ప్రారంభోత్సవం నాడు ఇన్‌చార్జి రాఘవేందర్ యంత్రానికి శాస్త్రోక్తంగా పూజ చేయించారు. జీపుకైనా బీరువాకైనా బొట్టు పెట్టనిదే మన దగ్గర పని మొదలవదు. అయితే యంత్రానికి నుదురు ఎక్కడుంటుందో పంపినవాళ్లు రాసివ్వలేదు. ఎదురుగా, గుండ్రంగా అద్దం కనిపించింది. దానికి తడి పసుపు దట్టంగా పూసి, కుంకుమ పెట్టి, ఫొటో తీసి ఫైల్లో పెట్టారు.

ఆ రోజు నుంచి ఏ నీళ్లు పోసినా యంత్రం "క్రిములు కనపడలేదు" అనే చెబుతోంది. అబద్ధమేమీ కాదు, దానికి ఏదీ కనపడడం లేదు. మూడు నెలల్లో పన్నెండు ఊళ్ల నీళ్లు నిర్దోషులుగా విడుదలయ్యాయి. కేంద్రానికి ప్రశంసాపత్రం కూడా వచ్చింది.

ఈ ప్రశాంతతను అంగన్‌వాడీ ఆయా స్వరూప భంగపరిచింది. ఊరి ట్యాంకు నీళ్లు సీసాలో పట్టుకొచ్చింది.

"పంతొమ్మిది మంది పిల్లలల్ల పదకొండు మందికి మోషన్లు అయితున్నయ్ సార్. ఒక చిన్న పోరిని దవాఖానల పండవెట్టిన్రు. గీ నీళ్లు తాపాల్నా వద్దా, జర చెప్పుండ్రి."

తొమ్మిది నిమిషాలకు రాఘవేందర్ చీటీ చేతికిచ్చారు. "నీళ్లు మంచిగనే ఉన్నయ్. పిల్లలే ఏదో తిన్నట్టున్నరు."

స్వరూప బయటికెళ్లి ఇంకో సీసాలో మోరీలోని మురుగు నీళ్లు నింపుకొచ్చింది. అవీ మంచివేనని తేలింది. (నిబంధన 14: యంత్రం తీర్పుపై వాసన ఆధారంగా అప్పీలు చెల్లదు.)

ఆమె యంత్రం ముందు వంగి చూసింది. "బొట్టు నొసటికి వెడ్తరు గానీ కంటికి వెడ్తరా సార్" అంటూ కొంగు తడిపి అద్దం తుడిచింది. అపచారం కాకూడదని అద్దానికి పైన, డబ్బా మీద మళ్లీ కుంకుమ పెట్టింది. మిగిలిన ట్యాంకు నీళ్లు పోశారు. తొమ్మిది నిమిషాలకు యంత్రం తెర ఎర్రబడి "క్రిములున్నాయి" అంది.

"మూడు నెల్లసంది నా చేతులతోనే తాపిన" అంది స్వరూప. కాసేపు అక్కడే కూలబడి ఏడ్చింది.

రాఘవేందర్ నిజాయితీపరుడు. జరిగింది జరిగినట్టు పైకి రాశారు. వారానికి తనిఖీ అధికారి వంశీధర్ వచ్చి, ఫైల్లోని ఫొటోను యంత్రం పక్కన పట్టుకుని చాలాసేపు పోల్చి చూశారు.

"ఫొటోల బొట్టు గీడున్నది, మిషన్ మీద గాడున్నది. మూడు నెలలు మంచిగ నడిచిన మిషన్ బొట్టు జరిపినంక ఖరాబైందంటే ఏందర్థం?"

అర్థం చెప్పే అధికారం ఇంకెవరికీ లేదు గనుక ఆయనకు తోచిందే నిలిచింది. బొట్టు యథాస్థానానికి చేరింది. ఎర్ర రిపోర్టు రద్దయింది. ట్యాంకు మళ్లీ నిర్దోషి.

స్వరూప మాత్రం నీళ్లు కాచి, చల్లార్చి పిల్లలకు తాపుతోంది. మంచివని సర్కారు ధ్రువీకరించిన నీళ్లను కాచడం గ్యాసు దుర్వినియోగం కిందికి వస్తుంది కాబట్టి ఆమెకు నోటీసు పంపారు. తెచ్చింది రాఘవేందరే. వంశీధర్ జీపు బయట ఆగి ఉంది. రాఘవేందర్ నోటీసు నకలు మీద సంతకం తీసుకుని, మడిచి జేబులో పెట్టుకుని, సంచిలోంచి రెండు ఖాళీ సీసాలు తీశారు.

"ఒకటి నాది, ఒకటి సార్‌ది. కాచిన నీళ్లే నింపు."