ఐదుగురి కోసం దండోరా

సంగమేశ్వర్ సారు ఆ ఉదయం రెండే పనులు పెట్టుకున్నాడు. మ్యూజియం ఊడ్వడం ఒకటి, పదకొండింటికి వచ్చే జిల్లా అధికారి ముందు ఐదుగురు వాలంటీర్లను నిలబెట్టడం రెండోది. జన్మలో నాగలి పట్టని ఈ లెక్కల సారు, రిటైరయ్యాక మూడేళ్లు నారాయణఖేడ్ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి, పాత సామాన్లు పోగేసి, ఖాళీగా ఉన్న చావడి గదిలో మ్యూజియంగా సర్దాడు. జీతం అడగకుండా గదిని చూసుకునే ఐదుగురు దొరక్కపోతే ఆ గది ఎరువుల బస్తాలు దాచడానికి పోతుంది. నెల రోజులు గడప గడపా తొక్కినా ఒక్కరూ ఒప్పుకోలేదు. చివరికి నిన్న వారపు అంగడిలో డప్పు ఎల్లప్పతో దండోరా వేయించాడు.

"పాత సామాన్ల గది కాడ రేపు పేర్లు రాసుకుంటుండ్రు, ఇష్టమున్నోళ్లు రావాలహో!" అనేంతవరకు సారు చెప్పినట్టే అరిచాడు ఎల్లప్ప. కానీ అది కరువు పడిన ఎనభై ఆరు ఎండాకాలం. ముప్పై ఏళ్లుగా తాను పేర్లకు పిలిచింది కాలువలు తవ్వే కరువు పనికే కాబట్టి, అలవాటు కొద్దీ "పార, తట్ట ఎవరియి వాళ్లే తెచ్చుకోవాలహో!" అని తోక తగిలించాడు.

తొమ్మిదింటికి బయట అరవై మంది గొంతులు వినపడేసరికి, లోపల దుమ్ము దులుపుతున్న సారుకు ఏనుగెక్కినంత సంబరమైంది. "జర ఆగుండ్రి, వస్తున్న!" అని అక్కడి నుంచే కేక వేశాడు. ఊరికే నిలబడితే కూలి కోస్తారని భయపడే జనం ఆగుతారా? సారు బయటికొచ్చేసరికి వాకిలి ముందు మోకాలి లోతు కాలువ పడింది.

"ఏంది గిది?"

"కాలువ సారూ," అంది సిర్గాపూర్ నుంచి వచ్చిన బసమ్మ.

"యాడికి పోతది?"

"గది మీరే చెప్పాలె."

ఇది కూలి పని కాదని సారు నసిగాడు. బసమ్మ పార నేలకేసి కొట్టింది. "చీకట్ల లేసి నడిసొచ్చినం. పరేషాన్ చెయ్యనీకి మేమే దొరికినమా?" సారుకు నిజంగానే సిగ్గేసింది. అంతలోనే, చెప్పిన వేళకన్నా ముందే అధికారి జీపు వచ్చి, ముందు చక్రాలతో కాలువలోకి దిగబడింది.

మగవాళ్లంతా జీపు లేపే పనిలో పడ్డారు. అధికారి లోపలికి నడిచాడు. తిట్లు ఇంకా మిగిలున్న బసమ్మ కూడా వెనకాలే వచ్చింది. సారు గోడకు వేలాడుతున్న చెక్క గిన్నెను, దానికి బిగించిన వెదురు గొట్టాలను చూపించాడు.

"ప్రాచీన వాద్యం సార్. పూర్వం ఊదేవాళ్లు."

బసమ్మ తిట్లు మరిచి పక్కున నవ్వింది. "ఊదుడేంది? గిది ఇత్తనాలేసే జడ్డిగం! మా అవ్వ గిట్ల పట్టి పోస్తుండె." దాన్ని కిందికి దించి, పిడికిట్లోంచి గింజలు ఎలా జారాలో, గొట్టం పూడుకుపోతే చప్పుడును బట్టి ఎలా తెలుస్తుందో చెప్పింది. జీపు పైకొచ్చినా అధికారి కదల్లేదు.

"సరే, జీతం లేకుండా ఈ గదిని చూసుకునే మీ ఐదుగురేరి?" అని చివరికి అడిగాడు. సారు ఒక్క పేరూ లేని పుస్తకం తెరిచి చూపించాడు.

"అంగడి నాడు ఎట్లనన్న వస్త గద, నేను కూసుంట," అంది బసమ్మ. "సారుకు ఇడిసిపెడితే పోరగాళ్లతోని జడ్డిగం ఊదిపిస్తడు."

ఆమె వేలిముద్ర వేశాక, జీపు లేపి వచ్చినవాళ్లలో నలుగురు తలా ఒక రోజు తీసుకున్నారు. కరువు పని గురించి కూడా పైకి రాస్తానని చెప్పి అధికారి వెళ్లిపోయాడు. సారుకు కళ్లు తడిశాయి.

అంగడి రోజు బసమ్మ చెప్పిన వేళకే వచ్చి కూర్చుంది. ఎందుకైనా మంచిదని పార కూడా వెంట తెచ్చుకుంది.