పేపరెక్కిన వీధి

ఆ ఉదయం దర్జీ అనుకున్నది చిన్న పని. కొట్లో కుట్టుమిషను కాలు దిగబడుతున్న చోట సిమెంటు పూసి, అది ఆరేదాకా వీధిలో కూర్చుని హెడ్మాస్టారి కోటు పూర్తి చెయ్యాలి. మిషను, బల్ల, ఒకదానికొకటి పోలికలేని రెండు కుర్చీలు, తలలేని బొమ్మ, అన్నీ బయటికి చేరాయి. కోటు బొమ్మకి తొడిగాడు. దానికింకా ఒక్క చెయ్యే ఉంది. ఒళ్లంతా తెల్లదారం కచ్చాకుట్లు, సుద్దగీతలు. భార్య వెనక గదిలోంచి టీ తెచ్చి, గ్లాసులు చాలక తను జాం సీసాలో పోసుకుంది.

అటుగా పోతున్న విలేకరి ఆగి ఫోటో తీసుకున్నాడు. ఏదైనా అడుగుతాడేమోనని దర్జీ జుట్టు సర్దుకున్నాడు గాని, అతనేమీ అడగలేదు.

మర్నాడు పేపర్లో సగం పేజీ వచ్చింది. పాత వీధి కొత్త ముస్తాబులో మెరిసిపోతోందట. ఆరుబయట ఫ్యాషన్ స్టూడియో వెలిసిందట. సీసాల్లో టీ ఇక్కడి ప్రత్యేకతట. ఒంటిచేతి కోటు రేపటి ఫ్యాషనట.

"రెండో చెయ్యి కుట్టకపోతే ఫ్యాషనా? అలాగైతే మీరు పెళ్లినాటి నుంచీ ఫ్యాషన్లోనే ఉన్నారు," అంది భార్య.

సాయంత్రానికి ఎవరెవరో వచ్చి ఆ కుర్చీల్లో కూర్చుని సీసా టీ అడిగారు. కాదనలేక ఆవిడ ఇంట్లో సీసాలన్నీ ఖాళీ చేసింది. హెడ్మాస్టారు కూడా వచ్చి, చెయ్యి కుట్టాక తెల్లదారాలు మాత్రం పీకొద్దని రహస్యంగా చెప్పి వెళ్లారు.

ఆ తర్వాత ఇంటి ఓనరు వచ్చాడు, పేపరు చంకలో పెట్టుకుని.

"నా కొంపని ఇన్నాళ్లూ నేనే చులకనగా చూశానయ్యా. వచ్చే నెల నుంచి అద్దె రెట్టింపు. కాఫీ షాపాయన అడుగుతున్నాడు. నీకు కుదరదంటే ఆయనకిచ్చేస్తాను."

కొట్టూ, వెనక గదీ, కాపురమూ అన్నీ ఆ ఒక్క కప్పు కిందే. దర్జీ విలేకరికి ఫోన్ చేసి, తామేమీ మెరవడం లేదని రాయమని బతిమాలాడు. వేసిన వార్త వెనక్కి తీసుకోవడం కుదరదని విలేకరి చెప్పాడు. కావాలంటే టీవీలో పనిచేసే తన బావమరిదిని పంపుతానన్నాడు. ఏడుపు వార్తలన్నీ అతనే చూస్తాడట.

బావమరిది కెమెరాతో వచ్చి, కొట్టు చూసి పెదవి విరిచాడు. నేల కొత్త సిమెంటుతో నున్నగా ఉంది. దాని మీద గుడ్డపీలికలు చల్లించాడు. 'కూలుతున్న బతుకులు' అని పేరు ముందే పెట్టేశామని, దానికి తగ్గ గోడ ఒక్కటే తక్కువైందని చెప్పాడు.

"పగుళ్లేమన్నా ఉన్నాయాండీ?"

"లేవు బాబూ. ఓనరు గట్టిగానే కట్టించాడు," అన్నాడు దర్జీ, తప్పు చేసినవాడిలా.

"ఒక్కటైనా?"

దర్జీ కాసేపు గోడకేసి చూశాడు. నల్లసుద్ద, చంకవంపు తీసే స్కేలు అందుకున్నాడు. కప్పు నుంచి గోడ సగందాకా చక్కటి పగులు గీశాడు. అడిగిన వేళకి అతను పూర్తిచేసిన పని బహుశా అదొక్కటే. మొగుడు గోడకి కొలతలు తియ్యడం చూసి, నవ్వాపుకోలేక భార్య చేతిలోని గుడ్డలో మొహం దాచుకుంది. టీవీలో అది వెక్కివెక్కి ఏడ్చినట్టే వచ్చింది.

వార్త రోజంతా తిప్పితిప్పి వేశారు. ఓనరు పరుగున వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. కాఫీ షాపాయన మాట మార్చాడట. అడిగిన మిగతావాళ్లు ఫోనే ఎత్తడం లేదట. చూపు గోడ మీదే ఉంది గాని, కాలు గడప దాటలేదు.

"ఎప్పట్నించయ్యా ఇది?"

దర్జీ నిజం చెప్పడానికి నోరు తెరిచాడు. భార్య ముందే అందుకుంది.

"మీ మొహం చూసి చెప్పలేకపోయామండీ. మేం ఖాళీ చేసేస్తాం లెండి."

"అంత మాటెందుకమ్మా? మీరు కూడా పోతే ఇక ఎవరొస్తారు? పాత అద్దెకే ఉండండి," అన్నాడు ఓనరు, ఒక అడుగు వెనక్కి వేస్తూ.

అప్పట్నుంచి ఓనరు అద్దె వీధిలో నిలబడే తీసుకుంటున్నాడు. ప్రతి నెలా అతనొచ్చే ముందు దర్జీ సుద్ద పట్టుకుని పగులుని కాస్త పొడిగిస్తాడు. హెడ్మాస్టారి కోటుకి రెండో చెయ్యి కుట్టడానికి మాత్రం అతనికింకా తీరిక దొరకలేదు.