ఏడో సందు సభ్యతా నియమావళి

ఆదివారం సాయంత్రం 4 గంటల 10 నిమిషాలకు, జకార్తా తూర్పు శివారులోని మా ఏడో సందు వాట్సాప్ గ్రూపు నుంచి ఒక సందేశాన్ని తొలగించారు. "ఇంట్లోకి నీళ్లొస్తున్నాయి, పంపు వేయండి" అని అందులో ఉంది. రాసింది వర్సిని. బడిపిల్లల యూనిఫారాలు కుట్టి బతుకుతుంది. మూడు కరెంటు మిషన్లున్నాయి.

తొలగించడానికి కారణం, ముందు నమస్కారం లేదు.

జనవరి నుంచి మా గ్రూపులో సభ్యతా నియమావళి అమల్లో ఉంది. సందేశానికి మొదట నమస్కారం, తర్వాత అందరి ఆరోగ్యం గురించి ఆకాంక్ష, ఇబ్బంది పెడుతున్నందుకు క్షమాపణ, ఆ తర్వాతే విషయం. నిషిద్ధ పదాలు ముప్పై ఎనిమిది. ఆ జాబితాను గ్రూపులో పెట్టడం కుదరదు, అందులో నిషిద్ధ పదాలున్నాయి. కావలసినవారు సందు పెద్ద దర్మాజి ఇంటికెళ్లి చదువుకోవచ్చు. కుక్క తప్పిపోయిందని రాసిన ఒకాయనను వారం రోజులు బయట పెట్టారు, మా దగ్గర కుక్క అనేది తిట్టు. కుక్క తిరిగొచ్చింది. ఆయన రాలేదు. నియమావళి వచ్చాక గ్రూపులో ఒక్క తిట్టు లేదు. ఫిర్యాదూ లేదు.

సందులో చేరిన వాన నీటిని తోడే పంపు కాలువ పక్క బోనులో ఉంటుంది. దాని తాళంచెవి దర్మాజి ఇంట్లో, గోడ మేకుకు ఉంటుంది. వర్సిని బట్టలు తడుపుకోకుండా వెళ్లే వీలు లేదు. మా వాళ్లు లుంగీలా కట్టే సారంగ్‌ను మోకాళ్ల పైకి ఎత్తి కట్టుకుని వెళ్లింది.

"పాక్," అంది, మా దగ్గర అయ్యగారూ అన్నట్టు. "తాళంచెవి ఇవ్వండి. నీళ్లు మిషన్ల మోటార్ల దాకా వచ్చేస్తున్నాయి."

"కూర్చోండి బూ," అన్నారు దర్మాజి, అమ్మా అన్నట్టు. " టీ తాగండి, అరటిపండు బజ్జీలు వేడిగా ఉన్నాయి. ఇవ్వనన్నానా? గ్రూపులో ఒక్క ముక్క అడగండి."

"ఎదురుగా నిలబడి అడుగుతున్నా కదా!"

"ఎదురుగా అడిగితే రికార్డేదీ? రేపు ఎవడైనా నిలదీస్తే మీరొస్తారా?"

అరుగు మీదే నిలబడి రాసింది. ఈసారి నమస్కారం ఉంది. "వెంటనే" కూడా ఉంది. అది జాబితాలో పందొమ్మిదోది.

"వెంటనే అంటే ఏంటి బూ? నేను ఊరికే కూర్చున్నట్టా?" అన్నారు దర్మాజి. ఆయన కూర్చునే ఉన్నారు.

మూడోసారి వర్సిని ఒక్కటే మాట రాసింది. జాబితాలో మొదటిది. ఆమెను మూడు రోజులు గ్రూపు నుంచి తప్పించారు.

"అదీ సరైన మాట!" అంది వంటింట్లోంచి దర్మాజి భార్య ఎండాంగ్. నోటిమాట నియమావళి పరిధిలోకి రాదు.

తప్పించినవారి తరఫున వేరొకరు రాయవచ్చు. ఎండాంగ్ తన ఫోనులో, పక్కన వర్సినిని కూర్చోబెట్టుకుని, అన్నీ కుదిరేలా రాసింది. నమస్కారం, ఆరోగ్యం, రెండు క్షమాపణలు, చివర "మీకు వీలున్నప్పుడు పంపు వేయించగలరు." 5 గంటల 35 నిమిషాలకు ఆమోదం లభించింది. ఇలా రాయడం అందరూ నేర్చుకోవాలంటూ దర్మాజి దాన్ని గ్రూపు పైభాగాన అతికించారు. తనకు మంగళవారం వీలవుతుందని జవాబిచ్చారు.

ఆరింటికి వర్సిని ఇంట్లో నీళ్లు నడుము లోతు. మూడు మోటార్లూ మునిగాయి. ఆ సందేశానికి అరవై నాలుగు దండం బొమ్మలు వచ్చాయి, అందులో ఒకటి నాది.