స్తంభం మీది నల్లంచు

ఆ మంగళవారం పొద్దున స్నెజానా పెట్టుకున్న పని ఒక్కటే: వీధి స్తంభానికి ఒక కాగితం అంటించడం. ఎదురింటి జివ్కో కొన్న కొత్త జీపు కాలిబాటనంతా మింగేసింది. దాని ముక్కు ఆమె కూతురు ఏడేళ్ల రలిట్సా తలకన్నా ఎత్తు. బడికి వెళ్లాలంటే పాప రోడ్డు మీదికి దిగి దాని ముందు నుంచే నడవాలి. పాప తలుపు వేసి వెళ్లిన ప్రతిసారీ, వీధిలో బండి లేకపోయినా, తల్లికి బ్రేకుల చప్పుడు వినిపించేది.

పాప ఫోటో, కింద "ఈ పిల్ల ఇటే నడుస్తుంది, కాలిబాట వదలండి" అన్న మాట. కాపీలు తీసే డోంకా చేతిలో పెట్టింది.

"నువ్వు పనికి పో, నేనే అంటిస్తాలే," అంది డోంకా.

డోంకా ఇరవై ఏళ్లుగా స్తంభాలకు ఎక్కే ఫోటో కాగితాలు ఒక్క రకమే చేస్తోంది: చావు కబురువి. చేతి అలవాటు కొద్దీ చుట్టూ నల్లంచు వేసింది. ప్లోవ్‌డివ్‌లో ఆ అంచుకు అర్థం ఒక్కటే. కింది చిన్న అక్షరాలు ఎవరూ చదవలేదు.

మధ్యాహ్నం స్నెజానా తిరిగొచ్చేసరికి గుమ్మంలో చావింటికే తెచ్చే సరిసంఖ్య పూలు, పళ్లెంలో పోయినవాళ్ల పేరిట పంచే, పంచదార చల్లిన ఉడికించిన గోధుమలు.

"ఎవరు పోయారు, మామ్మా?"

పక్కింటి పెన్కా మామ్మ ఆమెను గట్టిగా వాటేసుకుంది. "ఏడ్చెయ్ తల్లీ, లోపల దాచుకోకు."

స్నెజానా స్తంభం వైపు చూసింది: నల్లంచులో పాప. ఆ ఫోటో తానే ఇచ్చిందని తెలిసీ నమ్మేసింది.

జీపు పక్కన జివ్కో వంగి చక్రాలు తడుముతున్నాడు. "అక్కా, పొద్దున ఏదో తగిలినట్టనిపించింది. గుంత అనుకున్నాను... దిగి చూడలేదక్కా!"

అంతలో సంచి ఊపుకుంటూ రలిట్సా వచ్చింది. "అమ్మా, ఈ గోధుమలు ఎవరికి? ఆకలేస్తోంది."

స్నెజానా పాపను ఊపిరాడనంతగా హత్తుకుంది.

"నాలుగు చెంచాల పంచదార దండగ!" అంది మామ్మ కళ్లు తుడుచుకుంటూ.

జివ్కోకు ప్రాణం లేచొచ్చి కోపమూ వచ్చింది. "భయపెట్టి చంపేశారు కదా!"

స్నెజానా పాప చెయ్యి వదలకుండా జీపు ముందుకు వెళ్లి నిలబడింది. "బండి స్టార్ట్ చేయకు తమ్ముడూ, ఊరికే సీట్లో కూర్చో. పాప కనిపిస్తోందా?"

"నువ్వే కనిపిస్తున్నావు. పాప ఇంట్లోకెళ్లిందా?"

"నా చెయ్యి పట్టుకునే ఉంది."

జివ్కో దిగి, బండి ముందుకు వచ్చి పాపను చూశాడు. తర్వాత ఇంటికి వెళ్లాడు.

నలభై రోజులకు అదే స్తంభం మీద కొత్త కాగితం వెలిసింది. ఈసారి ఫోటో జీపుది, కింద "అమ్మబడును" అని ఉంది.

నల్లంచు డోంకా మానలేదు.